వీధి పచ్చదనాన్ని ఇరుగుపొరుగు కలిసి చూసుకోవడం ఎలా?

మొక్క నాటడం ఒక్క ఉదయంలో అయిపోయే పని. అది తన కాళ్ళమీద తాను నిలబడటానికి మాత్రం రెండు మూడేళ్ళు పడుతుంది. నాటేటప్పుడు అందరూ వస్తారు. ఎండలు ముదిరేసరికి నీళ్ళు మోసేవాళ్ళు ఒకరిద్దరే మిగులుతారు. వాళ్ళు అలిసిపోయాక మొక్కలూ పోతాయి. అందుకే ఈ పనికి పూనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఒకటే: మొక్కలకంటే ముందు చేతులు లెక్కపెట్టండి. నాలుగిళ్ళవాళ్ళు ముందుకొస్తే ఆ నాలుగిళ్ళు మోయగలిగినంత పనే పెట్టుకోండి. వీధి మొత్తం ఒకేసారి బాగుపడనక్కర్లేదు. ఒక చివర కొద్దిపాటి జాగా ఏడాది పొడవునా పచ్చగా ఉంటే, తమ గేటు ముందు కూడా అలా ఉండాలని పక్కవాళ్ళే అడుగుతూ వస్తారు.

నేల ఎవరిదో తేల్చుకోండి

ప్రహరీకీ రోడ్డుకీ మధ్యనున్న పట్టీ, రోడ్డు మధ్య డివైడర్, మలుపులో మిగిలిపోయిన ముక్కోణపు జాగా చూడటానికి ఒకేలా ఉంటాయి. కానీ ఒకటి మున్సిపాలిటీది కావచ్చు, ఒకటి కాలనీ సంఘానిది, మరొకటి ఎదురింటివాళ్ళ సొంతం. మీరు ఏమేం చేయబోతున్నారో ఒక కాగితం మీద రాసి, సంబంధించినవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట మీద ఆధారపడితే మనిషి మారగానే మాట కూడా మారిపోతుంది. చెట్టు కొట్టడానికి, చాలాచోట్ల పెద్ద కొమ్మ తీయడానికి కూడా విడిగా అనుమతి ఉండాలి. ఆ సంగతి కూడా అప్పుడే అడిగేయండి.

భూమి కింద ఏముందో కూడా అప్పుడే కనుక్కోవాలి. నీటి పైపు, గ్యాస్ పైపు, కరెంటు కేబుల్, ఫోన్ తీగలు తరచూ రోడ్డు పక్క పట్టీలోనే పోతాయి. తెలియని చోట గునపం దించొద్దు. పైపులు ఎక్కడున్నాయో ఆయా శాఖలవాళ్ళు చూపించాకే తవ్వండి, అప్పుడు కూడా చిన్న పారతో మెల్లగా.

ఒక చివర నుంచి మరో చివరిదాకా నడిచి రాసుకోండి

ఒక నోట్‌బుక్ తీసుకుని ఇద్దరు ముగ్గురు కలిసి వీధంతా నడవండి. ప్రతి చెట్టుకీ, ప్రతి పొదల గుంపుకీ ఒక నంబరు ఇవ్వండి. పేరు, సుమారు ఎత్తు, ఎంత ఎండ పడుతుంది, దగ్గరలో కుళాయి ఉందా, బళ్ళు ఎక్కడ నిలుపుతున్నారు అన్నవి రాయండి. బళ్ళ సంగతి ఎందుకంటారా? చెట్టు పక్క మట్టి మీద రోజూ కారు నిలిపితే మట్టి గట్టిపడిపోయి అందులో గాలి ఆడదు. వేరుకి నీళ్ళెంత అవసరమో గాలీ అంతే అవసరం. ఎవరూ గాయపరచకపోయినా చెట్టు మెల్లగా ఎండిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

నడుస్తున్నప్పుడే ప్రమాద సూచనలు కూడా గుర్తించండి. ఎండిపోయి వేలాడుతున్న పెద్ద కొమ్మ, మానులో లోతైన తొర్ర, కొత్తగా ఒక పక్కకి ఒరగడం, ఒరిగిన వైపుకి ఎదురుగా నేల పగిలి పైకి లేవడం, చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగుల్లాంటివి పుట్టడం. వీటిలో ఏది కనిపించినా ఫొటో తీసి బాధ్యత ఉన్న కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపండి. అది వాలంటీర్లు చేయాల్సిన పని కాదు. రెండు కాళ్ళూ నేలమీద ఉంచి చేయగలిగినంత వరకే మన పని. నిచ్చెన ఎక్కాల్సినది, మోటారు రంపం పట్టాల్సినది, కరెంటు తీగకు మూడు మీటర్ల లోపున్నది, అన్నీ శిక్షణ ఉన్నవాళ్ళకే వదలండి.

నీళ్ళ లెక్క ముందే వేసుకోండి

ఎక్కువ వీధులు దెబ్బతినేది ఈ లెక్క దగ్గరే, కాబట్టి కాగితం పెన్నూ పట్టుకుని కూర్చోండి. కొత్తగా నాటిన, మనిషెత్తు కూడా లేని మొక్కకి వాన లేని రోజుల్లో ఒక్కో తడికి 10 నుంచి 15 లీటర్లు పడుతుంది, వారానికి కనీసం రెండు తడులు. 20 మొక్కలు పెట్టారనుకోండి. తడికి 15 లీటర్ల చొప్పున వారానికి 600 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్లు 40. ఆ 40 బకెట్లు ఎవరు మోస్తారు, ఏ కుళాయి నుంచి, ఆ నీటి బిల్లు ఎవరిది? ఈ మూడింటికీ పేర్లు పెట్టి జవాబు దొరికితే 20 మొక్కలు పెట్టండి. దొరక్కపోతే ఎనిమిదే పెట్టండి. ఎండిపోయిన ఇరవైకంటే బతికిన ఎనిమిది వీధికి ఎంతో మేలు.

వానని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు పడినట్టు. నిటారు గోడలున్న డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి స్కేలుతో కొలిస్తే చాలు. ఆ వారం 25 మిల్లీమీటర్లు పడితే చదరపు మీటరుకి 25 లీటర్లు అందినట్టే, బకెట్లు పక్కన పెట్టేయొచ్చు. అనుమానంగా ఉంటే మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా దించి చూడండి. లోపల చెమ్మ తగిలితే ఆ పూటకి నీళ్ళు అక్కర్లేదు. పైపైన రోజూ చిలకరించడం కంటే రోజు విడిచి రోజు, లేదా వారానికి రెండుసార్లు లోతుగా ఇంకేలా పోయడం మంచిది. నీళ్ళు పైనే ఉంటే వేర్లూ పైనే తిరుగుతాయి, ఎండకి మొదట దెబ్బ తినేవి అవే. పొద్దున్నే పోస్తే ఆవిరైపోయేది తక్కువ.

చెట్టు పెరిగేకొద్దీ పాదు కూడా వెడల్పు కావాలి. నీళ్ళు పీల్చుకునే సన్న వేర్లు మాను పక్కనే ఉండవు. ఎక్కువ భాగం పై 30 సెంటీమీటర్ల మట్టిలో, కొమ్మల నీడ పడే మేర వరకూ, అది దాటి కూడా పాకుతాయి. మాను మొదట్లో కుమ్మరించిన నీళ్ళు పెద్ద చెట్టుకి అందేది కొంచెమే.

పని పంచుకునే పద్ధతి

ఉమ్మడి వనరులను జనం తమంతట తాము ఎలా నిలబెట్టుకుంటారో జీవితమంతా పరిశీలించిన రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్. సాగునీటి కాలువలు, చేపల వేట, ఊరి అడవులు ఆమె చూసిన చోట్లు. 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్నారు, ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే. చాలాకాలం నిలిచిన ఏర్పాట్లలో ఆమె గమనించిన విషయాలు వీధికి కూడా అతికినట్టు సరిపోతాయి. ఏది మనది, ఎక్కడితో ముగుస్తుంది అన్నది స్పష్టంగా ఉండాలి. నియమాలు పెట్టుకోవడంలో పని చేసేవాళ్ళకి మాట ఉండాలి. పని జరుగుతోందో లేదో చూసేవాళ్ళు వాళ్ళలోంచే రావాలి. తగవు వస్తే ఖర్చు లేకుండా, త్వరగా తీర్చుకునే చోటు ఒకటుండాలి.

దీన్ని ఆచరణలో ఇలా పెట్టుకోండి. వీధిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి రెండేసి ఇళ్ళు ఒప్పగించండి. ఒక ఇల్లే అయితే వాళ్ళు ఊరెళ్ళినప్పుడు పని ఆగుతుంది. ఐదిళ్ళయితే ప్రతివాళ్ళూ మిగతావాళ్ళు చూస్తారనుకుంటారు. ఇద్దరైతే ఒకరు లేనప్పుడు రెండోవాళ్ళకి తమ వంతని తెలుస్తుంది. నెలకొకసారి అందరూ కలిసి రెండు గంటలు పనిచేయండి. తేదీ మార్చకండి. నెలలో రెండో ఆదివారం అంటే రెండో ఆదివారమే. ప్రతిసారీ వీలు చూసుకుని తేదీ పెడదామనుకునే బృందాలు కొన్ని నెలలకే చెదిరిపోతాయి. రెండు గంటలు కాగానే ఆపేయండి, పని మిగిలినా సరే. ఇంకా చేయగలం అనిపిస్తుండగా ఇంటికెళ్ళినవాళ్ళు వచ్చే నెల కూడా వస్తారు.

బరువు మోయలేనివాళ్ళని పక్కన పెట్టకండి. నోట్‌బుక్ రాసేవాళ్ళు, పనిముట్లు భద్రపరిచేవాళ్ళు, కార్యాలయాలకి ఫోన్ చేసేవాళ్ళు, కిటికీలోంచి రోజూ వీధిని చూసే పెద్దవాళ్ళు కూడా బృందమే. ఏ మొక్క వాడిందో అందరికంటే ముందు తెలిసేది చాలాసార్లు వాళ్ళకే. పిల్లలకి నీళ్ళు పోయడం, ఆకులు ఏరడం ఇవ్వండి, పదునైనవి ఇవ్వకండి.

పనిముట్లు, ఒంటి జాగ్రత్త

ఒక గునపం, రెండు పారలు, కలుపు తీసే చిన్న తొలికెలు, మొక్కలు కత్తిరించే కత్తెర, చేతిరంపం, తట్టలు, చీపుర్లు. వీధికి ఇంతే చాలు. ప్రతి ఇల్లూ విడివిడిగా కొనడం దండగ, ఒకచోట పెట్టుకుని తీసుకెళ్ళినవాళ్ళ పేరు రాసుకోండి. జబ్బు మొక్కని కోసిన కత్తెరని మరో మొక్కకి వాడేముందు స్పిరిట్‌తో తుడవండి, లేకపోతే తెగులు మీ చేతులమీదుగానే వీధంతా తిరుగుతుంది.

చేతికి తొడుగులు, కాలికి బూట్లు తప్పనిసరి. రోడ్డు పక్క మట్టిలో గాజుపెంకులు, తుప్పుపట్టిన మేకులు, కొన్నిసార్లు సూదులు కూడా ఉంటాయి. ధనుర్వాతం టీకా పదేళ్ళకోసారి వేయించుకోవాలి, మీది ఎప్పుడు వేయించారో గుర్తు చేసుకోండి. రోడ్డంచున పనిచేసేవాళ్ళు దూరం నుంచే కనపడే ముదురు పసుపో నారింజో రంగు జాకెట్ వేసుకోవాలి, వచ్చే బళ్ళకి వీపు పెట్టి వంగకూడదు.

చెట్టు మొదలు దగ్గర ఏం చూడాలి

ఎవరి కంటా పడకుండా చెట్లు చచ్చేది ఇక్కడే. బెరడుకి సరిగ్గా కిందనే పలుచని పొర ఒకటుంటుంది, చెట్టు లావెక్కేది ఆ పొరతోనే. ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకి దిగేది దానిని ఆనుకుని ఉన్న లోపలి బెరడులోంచే. మాను చుట్టూ బెరడు తెగిందంటే వేర్లు ఆకలితో చస్తాయి. పైన ఆకులు కొన్నాళ్ళు పచ్చగానే ఉండి ఆ తర్వాత ఒక్కసారిగా రాలతాయి. గడ్డి కోసే యంత్రపు దారం, మానుకి కట్టిన ఇనుపతీగ, దీపాల తోరణం బిగించిన వైరు, చిన్నప్పుడు పెట్టి తీయడం మరిచిన ట్రీగార్డు, అన్నీ ఈ పని చేయగలవు. మీ మొదటి నెల పని ఇదే పెట్టుకోండి: వీధిలో ఏ మానుకైనా చుట్టుకుని ఉన్న తీగనీ తాడునీ కోసి తీసేయడం. డబ్బు ఖర్చు లేదు, ఒక్క ఉదయం చాలు, దీనికంటే మేలు చేసే పని ఆ ఏడాదంతా మీకు మరొకటి దొరకదు. తీగ బెరడులోపలికి దిగబడిపోయి ఉంటే లాగకండి. బయటికి కనిపించే చోట తెంచి బిగువు పోయేలా చేస్తే చాలు.

మొక్కకి ఊతకర్ర కట్టి ఉంటే ముడి వదులుగా ఉందో లేదో చూడండి, ఏడాది నిండాక కర్ర తీసేయండి. గాలికి కాస్త ఊగిన మానే గట్టిపడుతుంది.

చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోసి ఉంటే దాన్ని వెనక్కి తీయించడానికి అనుమతి అడగండి, చుట్టూ కనీసం ఒక మీటరు మట్టి కనపడాలి. ఆ మట్టిమీద ఎండుటాకులో చెక్కపొట్టో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరవండి. తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, కుళ్ళినకొద్దీ మట్టి గుల్లబారుతుంది. అయితే మానుకి ఆనించకండి, చుట్టూ ఒక జానెడు ఖాళీ వదలండి. మాను చుట్టూ ఆకులో మట్టో గుట్టగా పోసిన చెట్లు తరచూ కనిపిస్తాయి. ప్రేమతోనే పోస్తారు కానీ బెరడు ఎప్పుడూ తడిసి ఉండి కుళ్ళుతుంది. మాను నేలలోకి దిగేచోట వెడల్పై వేర్లుగా విడిపోతూ కనపడాలి. అక్కడ కరెంటు స్తంభం పాతినట్టు నిటారుగా దిగిపోతుంటే మట్టి ఎక్కువ పోశారని అర్థం, మెల్లగా తోడేయండి.

కలుపు

వాన వెలిసిన మర్నాడు పీకండి, వేరుతో సహా వస్తుంది. పూత రాకముందే పీకడం ముఖ్యం. గింజ రాలితే ఆ ఒక్క వారం బద్ధకానికి ఏళ్ళ తరబడి పని పెరుగుతుంది. వయ్యారిభామ లాంటి మొక్కల్ని ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. చర్మం మీద దద్దుర్లు, కొందరికి ఆయాసం కూడా వస్తుంది. నిండు చేతుల చొక్కా, తొడుగులు వేసుకోండి. పిల్లలూ కుక్కలూ తిరిగే వీధిలో కలుపుమందు వాడకుండా ఉండటమే నా సలహా. పైగా ఆ మందు గాలికి ఎగిరి పక్కింటి గులాబీమీద పడితే, మొక్కకంటే ముందు స్నేహం ఎండిపోతుంది.

కొమ్మలు కత్తిరించడం

ఎందుకు కత్తిరిస్తున్నారో చెప్పలేకపోతే కత్తిరించకండి. సరైన కారణాలు కొన్నే: ఎండినది, విరిగినది, తెగులు పట్టినది, ఒకదానికొకటి రాసుకుంటున్నది, దారికి అడ్డం వస్తున్నది. నడిచే దారి మీద రెండున్నర మీటర్ల ఎత్తు దాకా, పెద్ద బళ్ళు తిరిగే రోడ్డు మీద నాలుగున్నర మీటర్ల దాకా ఖాళీ ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మలుపుల దగ్గర పొదలు మోకాలు దాటకూడదు. దాటితే వచ్చే బండి డ్రైవరుకి కనపడదు, రోడ్డు దాటే పిల్లవాడు అసలే కనపడడు. దీపస్తంభాల వెలుగునీ, ట్రాఫిక్ గుర్తుల్నీ ఆకులు కప్పకుండా చూడండి.

కోసే తీరు కూడా ముఖ్యం. కొమ్మ మానుని కలిసేచోట ఉబ్బుగా ఒక మెడ ఉంటుంది. గాయాన్ని మూసే కణజాలం అక్కడే ఉంటుంది. ఆ మెడకి బయట, దాన్ని తాకకుండా కోయాలి. మానుకి సమంగా నున్నగా కోస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది కానీ గాయం పెద్దదై కుళ్ళు లోపలికి పోతుంది. అలాగని జానెడు మోడు వదిలినా అదీ కుళ్ళుతుంది. మణికట్టంత లావున్న కొమ్మని ఒకే కోతలో తీయకండి. ముందు మెడకి ఒక అడుగు దూరంలో కింది వైపు నుంచి మూడోవంతు కోయండి. తర్వాత దానికి కాస్త బయటగా పైనుంచి కోస్తే కొమ్మ బరువు పడిపోతుంది, బెరడు చీలదు. చివరికి మిగిలిన మోడుని మెడ దగ్గర కోయండి.

గాయానికి తారు, పెయింటు పూసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది అవసరం లేదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త అలెక్స్ షైగో చెట్లను నిలువునా కోసి చూసి, గాయం చుట్టూ చెట్టు తనే లోపల గోడలు కట్టుకుని కుళ్ళుని ఆపుతుందని 1970ల్లో వివరించాడు. మనం చేయగలిగింది సరైన చోట, పదునైన రంపంతో కోయడం, అంతే. ఒక ఏడాదిలో పచ్చని కొమ్మల్లో నాలుగోవంతుకి మించి తీయకండి. తల నరికి మోడు చేయడం మాత్రం ఎవరడిగినా చేయకండి. దాని తర్వాత గుంపుగా మొలిచే కొమ్మలు పైపైనే అతుక్కుని ఉంటాయి, లావెక్కాక గాలికి అవే విరిగిపడతాయి. కత్తి పెట్టే ముందు గూళ్ళున్నాయేమో చూడండి. పిల్లలున్న గూడు కనిపిస్తే అవి ఎగిరిపోయేదాకా ఆ కొమ్మ జోలికి పోవద్దు.

రాలిన ఆకులు

తగలబెట్టకండి. ఆ పొగ మొదట మీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది, మట్టికి రావలసిన బలం బూడిదవుతుంది. కాస్త జాగా ఉంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తున చుట్టూ వల కట్టి అందులో వేయండి. మూడు తట్టల ఎండుటాకుకి ఒక తట్ట పచ్చి కలుపు, మీద కొంచెం నీళ్ళు. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉండాలి. అప్పుడప్పుడూ తిరగెయ్యండి. దుర్వాసన వస్తే తడి ఎక్కువైంది, ఎండుటాకు కలపండి. గింజ పట్టిన కలుపునీ, తెగులు మొక్కల్నీ అందులో వేయకండి. గన్నేరు కొమ్మలైతే అసలే కాల్చకండి. ఆ మొక్క నిలువెల్లా విషం, పొగ కూడా ప్రమాదమే.

నీళ్ళు నిలిచే పళ్ళాలు, పగిలిన కుండీలు వారానికొకసారి బోర్లించండి. దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా రావడానికి వేడి రోజుల్లో వారం, పది రోజులు చాలు. పచ్చదనం వల్లే దోమలొస్తున్నాయనే మాట వీధిలో ఒక్కసారి పుట్టిందంటే దాన్ని పోగొట్టడం చాలా కష్టం.

కొత్త మొక్క పెట్టాల్సి వస్తే

ఆ చోట పాత మొక్క ఎందుకు పోయిందో తెలిశాకే కొత్తది పెట్టండి. కారణం అలాగే ఉంటే ఇదీ పోతుంది. పైన తీగలున్నచోట పెద్దయినా పొట్టిగా ఉండేదాన్నే ఎంచుకోండి. గొయ్యి వేరుముద్దకి రెండు మూడు రెట్లు వెడల్పుండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తుకి మించకూడదు. సంచిలో గుండ్రంగా చుట్టుకుపోయిన వేర్లని విడదీసో కోసో పెట్టండి, లేదంటే అవే లావై మానుని బిగిస్తాయి. వీధంతా ఒకే జాతి పెట్టకండి, ఒక్క పురుగొచ్చినా అన్నీ పోతాయి.

మాట పట్టింపులు

ఆకులు రాలి వాకిలి పాడవుతోందని ఒకరంటారు, కారు మీద పక్షిరెట్టలని మరొకరు. వాళ్ళ గేటు ముందున్న మొక్కని వాళ్ళని అడక్కుండా తాకవద్దు, మీకు అనుమతి కాగితం ఉన్నా సరే. ముందు వెళ్ళి వినండి. ఆకులు ఊడ్చే వంతు బృందం తీసుకుంటే చాలామంది మెత్తబడతారు. పువ్వులు కోసుకునేవాళ్ళతో పోట్లాడకండి. కొమ్మ విరవకుండా, చేతికందినవి కోసుకోమని చెబితే వాళ్ళలో కొందరు మరుసటి నెల నీళ్ళ బకెట్‌తో వస్తారు. వాట్సాప్ గ్రూపుని గుర్తుచేయడానికే వాడండి, వాదన వచ్చిందంటే చెట్టు దగ్గర నిలబడి మాట్లాడుకోండి. చెట్టుని చూస్తూ మాట్లాడితే చాలా వాదనలు త్వరగా తేలిపోతాయి.

ఎవరైనా ఇల్లు మారుతుంటే, వెళ్ళే ముందు వాళ్ళ ముక్కని కొత్తవాళ్ళతో ఒకసారి కలిసి నడిచి అప్పగించమనండి. ఏ కుళాయి ఏ ఇంటిది, ఏ మొక్కకి పోయినేడు తెగులొచ్చింది, ఏ కార్యాలయంలో ఎవరిని అడగాలి అన్నీ ఆ నోట్‌బుక్‌లో ఉండాలి. దానికి ఒక నకలు తీసి వేరే ఇంట్లో ఉంచండి.